మూసీ వరద యాప్: మూడు స్టార్లు, అదీ మొహమాటానికి

మాది మూసారాంబాగ్ వంతెన దగ్గర, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారంటే చాలు మా వీధిలో టెన్షన్ మొదలు, అందుకే మా బావమరిది చెప్పిన ఈ వరద యాప్ (పేరెందుకులెండి) రెండు వానాకాలాలు వాడి చూశాను. నచ్చింది ఒకటే, కానీ గట్టిది. ఉత్త కంప్యూటర్ మోడల్ అయితే పడిన వానని బట్టి నీళ్లు ఎటు పోతాయో లెక్కేసుకుంటూ పోతుంది, మొదట్లో చిన్న తప్పున్నా అది పెరుగుతూ పోవచ్చు. ఇది అలా వదిలెయ్యదు, నదిలోని సెన్సార్ నుంచి నీటిమట్టం వచ్చినప్పుడల్లా తన అంచనాను కొంత అటు జరుపుకుంటుంది. ఎంత జరపాలంటే, మోడల్‌ని ఎంత నమ్మొచ్చు, సెన్సార్‌ని ఎంత నమ్మొచ్చు అని తూచి. 1960లో కల్మన్ అనే ఇంజనీరు ఇచ్చిన "కల్మన్ ఫిల్టర్" అనే లెక్క పద్ధతిలో ఉన్న కిటుకు ఇదే. సముద్రానికైతే మన ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలతలు తీసే పరికరాలు) కొలతలతో ఇలాంటి పనే చేస్తారు.

మరి మూడే ఎందుకంటే, పోయినేడు సెన్సార్‌కి చెత్త చుట్టుకుందో ఏమో, రాత్రంతా ఒకే మట్టం చూపిస్తే యాప్ దాన్నే నమ్మేసి "సాధారణం" అంది. అప్పటికే మా సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు, స్కూటర్ మునిగింది. అంత వానలో కదలని కొలతని అనుమానించాలి కదా! కంప్లైంట్ పెడితే "త్వరలో సరిచేస్తాం" అన్నారు. అందుకే ఇప్పుడు ఫోన్ చూసుకున్నాక గొడుగేసుకుని వంతెన దాకా వెళ్లి కూడా చూసొస్తున్నాను.