సొంత జట్టు తప్ప వేరే ముచ్చట లేని మూడు ఊళ్లు

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు వారాంతం ప్రయాణమంటే స్మోకీ మౌంటెన్స్, కాదంటే డెస్టిన్ బీచ్. ఆబర్న్, టస్కలూసా, నాక్స్‌విల్ పేర్లు ఈ చుట్టుపక్కల హైవే బోర్డుల మీద కనిపిస్తాయి, చదివేసి ముందుకు పోతాం. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా శనివారాల్లో మాత్రం ఆ బోర్డు దగ్గర ఆగి ఊళ్లోకి వెళ్లాలంటాను. కాలేజీ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు ఆ ఊరి ముఖమే వేరుగా ఉంటుంది. ఈ సీజన్‌లో ఈ మూడు ఊళ్లకూ వెళ్లాం. గదులు, పార్కింగు, తిండి, స్టేడియంలో సీట్లు ఎలా ఉన్నాయో రాస్తున్నాను కానీ, నన్ను పట్టుకున్నది అక్కడి అభిమానుల మాట.

ముందే ఒక సంగతి తెలుసుకుని వెళ్లండి. అక్కడ ఎవరితో మాట కలిపినా రెండో నిమిషానికల్లా వాళ్ల జట్టు దగ్గరికి వచ్చేస్తారు. మీది ఏ దేశం, ఏం చేస్తుంటారు, పిల్లలెంతమంది అన్నవి తర్వాత. పక్క రాష్ట్రం జట్టు గురించి అడిగితే మర్యాదకు ఒక మాట చెప్పి, మళ్లీ తమ జట్టు కథలోకే దిగుతారు. ఇదేం మనుషులురా అని విసుక్కున్న మన స్నేహితులు నాకు తెలుసు. నాకైతే ఆ ఊళ్లకు వెళ్లడానికి అంతకంటే మంచి కారణం కనిపించలేదు. అలబామా రాష్ట్రంలో పెద్ద ప్రొఫెషనల్ జట్టు ఒక్కటీ లేదు. తాతల నాటి నుంచి వాళ్లకు ఉన్నది కాలేజీ జట్టే. ఆ కాలేజీ మెట్లెక్కని మెకానిక్కు, కిరాణా కొట్టు ఆవిడకు కూడా అది ఇంటి పరువే. ఆ మాట వినే ఓపిక ఉంటే ఊరి చరిత్ర మొత్తం మీ చేతిలో పెడతారు.

అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసా అట్లాంటా నుంచి ఐ-20 మీద పడమరగా సుమారు 200 మైళ్లు. అలబామాలోకి అడుగుపెట్టగానే గడియారం గంట వెనక్కి పోతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరితే బోలెడు సమయం చిక్కుతుంది. 2020 జనాభా లెక్కల్లో ఈ ఊరి జనం లక్షకు కాస్త తక్కువ. బ్రయంట్-డెన్నీ స్టేడియంలో పట్టేది లక్షకు కాస్త ఎక్కువ. అంటే మ్యాచ్ రోజు ఊరంతటినీ కూర్చోబెట్టినా ఇంకా సీట్లు మిగులుతాయి. ఆ సీట్లు నిండడానికి రాష్ట్రం నలుమూలల నుంచీ ఎర్రచొక్కాలు దిగుతాయి.

స్టేడియం బయట వాక్ ఆఫ్ ఛాంపియన్స్ అనే దారిలో జాతీయ టైటిల్ తెచ్చిన కోచ్‌ల కంచు విగ్రహాలున్నాయి. బేర్ బ్రయంట్ 1958 నుంచి 1982 దాకా ఉండి ఆరు టైటిళ్లు తెచ్చాడు. నిక్ సేబన్ 2007 నుంచి 2023 సీజన్ దాకా ఉండి ఇక్కడే మరో ఆరు తెచ్చాడు. విగ్రహాల కంటే నాకు నచ్చింది క్వాడ్ అనే పచ్చిక మైదానం. చెట్ల కింద వందల గుడారాలు, ప్రతి గుడారంలో గ్రిల్లు, టీవీ, మడత కుర్చీలు. దీన్నే టెయిల్‌గేటింగ్ అంటారు. మేము ఊరికే నడుచుకుంటూ పోతుంటే ఒక పెద్దాయన పిలిచి ప్లేట్లు చేతికిచ్చాడు. "మీ జట్టేది?" అన్నాడు. "ఏదీ లేదు, మీ దగ్గర తెలుసుకుందామని వచ్చాం" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆయన కుర్చీ మా వైపు తిప్పుకున్నాడు.

వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టాడు: 61, 64, 65, 73, 78, 79. అవి బ్రయంట్ టైటిళ్లు. తర్వాత టేబుల్ మీద కెచప్ సీసా, మస్టర్డ్ సీసా, బన్నుల ప్యాకెట్టు వరసగా నిలబెట్టి 1979 జనవరి 1 నాటి షుగర్ బౌల్ అనే పెద్ద మ్యాచ్ చూపించాడు. ప్రత్యర్థి పెన్ స్టేట్ జట్టు గోల్ గీతకు జానెడు దూరంలో ఉంది. నాలుగు ప్రయత్నాల్లో ఇది ఆఖరిది. బంతి పట్టుకున్నవాడు పైనుంచి దూకబోతే అలబామా వాళ్లు గాల్లోనే ఆపేశారు. 14-7తో గెలిచారు. ఆ మస్టర్డ్ సీసాను ఆయన బొటనవేలితో వెనక్కి తోసిన తీరు చూస్తే నిన్నటి మ్యాచ్ అనుకుంటాం. మధ్యలో నేను జార్జియా జట్టు పేరెత్తాను, మేముండేది అక్కడే కదా అని. "వాళ్లదీ మంచి జట్టే" అన్నాడు, మళ్లీ సీసాలు సర్దుకున్నాడు. ఆటగాళ్లు డబ్బు తీసుకోవడం, ఏటా కాలేజీలు మారడం గురించి అడిగినా జవాబు ఒకటే: మా జట్టుకు దానివల్ల ఏమైంది, మా జట్టు ఏం చేయాలి. గంటన్నర విన్నాం. ఫుట్‌బాల్‌లో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ఎందుకు వెళ్లాలో నాకు ఏ వీడియో చూసినా ఎక్కలేదు, ఆయన సీసాలతో ఎక్కింది.

బ్రయంట్ మ్యూజియం తప్పక చూడండి. ఆయన పెట్టుకునే గళ్ల టోపీకి వాటర్‌ఫర్డ్ క్రిస్టల్‌తో చేసిన నమూనా అక్కడుంది. దాని ముందు నిలబడ్డ జనం గొంతు తగ్గించి మాట్లాడుతుంటారు. ఆయన చివరి మ్యాచ్ 1982 డిసెంబరు 29న. నెల తిరగకుండానే 1983 జనవరి 26న పోయాడు. ఈ సంగతి నాకు మ్యూజియం పలక కంటే ముందు పక్కన నిలబడ్డ ఒక అమ్మ చెప్పింది.

తిండికి డ్రీమ్‌ల్యాండ్ పేరు గొప్పది, 1958లో మొదలైంది. బ్రయంట్ వచ్చిన ఏడాదే అని ఊళ్లో ప్రతివాడూ గుర్తుచేస్తాడు. అక్కడ పంది పక్కటెముకలు, తెల్ల బ్రెడ్డు, సాస్ ప్రధానం. తినేవాళ్లకు చాలా బాగుంటుంది, శాకాహారులకు దాదాపు ఏమీ ఉండదు. ఇంట్లోంచి పులిహోర కట్టుకుపోవడమే మేలు, గుడారాల దగ్గర పంచితే అందరూ తింటారు కూడా.

టస్కలూసాలో బస విషయంలో మాత్రం నాకు కోపం తగ్గలేదు. మేము దిగిన మోటల్ వాళ్లు మామూలు ధరకు మూడింతలు గుంజి, రెండు రాత్రులకు తక్కువైతే ఇవ్వమన్నారు. ఇచ్చిన గదిలో ఏసీ పనిచేయదు. మార్చమంటే నిండిపోయాయన్నారు. మ్యాచ్ వారాంతాల్లో ఎక్కడా ధరలు తగ్గవు, కానీ డబ్బు తీసుకున్నాక గది గదిలా ఉండాలి కదా. నా సలహా: టస్కలూసాలో దిగకండి. బర్మింగ్‌హామ్ గంట దూరం, అక్కడ సగం ధరకు మంచి గదులున్నాయి. పైగా పక్కనే పెల్హామ్‌లో హిందూ దేవాలయం ఉంది, ఆదివారం పొద్దున వెళ్లి రావచ్చు.

అలబామాలోనే ఉన్నా, ఆబర్న్ యూనివర్సిటీ ఊరైన ఆబర్న్ వేరే లోకం. ఊరు చిన్నది, 2020లో 76 వేల జనం, స్టేడియం 88 వేలది. అట్లాంటా నుంచి ఐ-85 మీద రెండు గంటల లోపే. ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్న వరంగల్ కుర్రాడొకడు మాకు తోడొచ్చాడు. కారు దిగగానే చెప్పాడు: "అన్నా, ఎవరన్నా వార్ ఈగిల్ అంటే మనం కూడా వార్ ఈగిల్ అనాలె. నమస్తే పెడితే నమస్తే పెట్టినట్టు. అనకుంటే ఫీలైతరు." మా పాప కూడా పది నిమిషాల్లో నేర్చేసుకుంది, ఎదురైన ప్రతివాళ్లకూ అరిచి చెప్పింది.

ఆబర్న్ వాళ్లు కూడా తమ జట్టు గురించే మాట్లాడతారు, కానీ ఆ మాటలో అలబామా లేకుండా ఉండదు. పెద్దన్న నీడలో పెరిగిన తమ్ముడు తన గొప్ప చెప్పుకున్నట్టుంటుంది. వాళ్లకు 2013 నవంబరు 30 పండుగ రోజు. అలబామాతో మ్యాచ్, స్కోరు 28-28. గడియారంలో ఒక్క సెకను. అలబామా 57 గజాల నుంచి గోల్ కొట్టబోయింది, బంతి చేరలేదు. గోల్ గీత వెనకుండే ఎండ్ జోన్ లోపల నిలబడ్డ ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని పట్టుకుని మైదానం ఆ కొస నుంచి ఈ కొస దాకా పరుగెత్తాడు. 34-28. నిమ్మరసం కోసం టూమర్స్ డ్రగ్స్ అనే పాత మందుల దుకాణంలో వరుసలో నిలబడితే మా ముందున్నావిడ, తాను ఆ రోజు ఏ సెక్షన్‌లో ఏ వరుసలో కూర్చున్నదో, పక్కన తెలియని మనిషి ఎలా వాటేసుకుని ఏడ్చాడో చెప్పింది. ఆ దుకాణం 1896 నాటిది, నిమ్మరసం నిజంగా బాగుంటుంది, వరుస ఎంతున్నా నిలబడండి.

దాని ఎదుటి మూలే టూమర్స్ కార్నర్. గెలిచినప్పుడు ఇక్కడి చెట్ల మీదికి టాయిలెట్ పేపర్ చుట్టలు విసురుతారు. 2010లో అలబామా 24-0తో ముందుండి కూడా ఆబర్న్ చేతిలో 28-27తో ఓడిపోయింది. ఆ తర్వాత హార్వే అప్‌డైక్ అనే అలబామా అభిమాని ఈ మూలనున్న ఓక్ చెట్లకు విషం పోశాడు. 2011 జనవరిలో రేడియో కార్యక్రమానికి ఫోన్ చేసి తనే చెప్పుకున్నాడు. జైలుకెళ్లాడు. చెట్లు బతకలేదు, 2013లో తీసేశారు. 2015లో కొత్తవి నాటారు. అభిమానం చెట్టు మీదికి పోయిన చోటు ఇది. ఆ కథ చెప్పేటప్పుడు ఆబర్న్ వాళ్ల గొంతులో గెలుపోటములుండవు, ఇంట్లో మనిషి పోయిన బాధే ఉంటుంది. వినేవాళ్లు నవ్వకూడదని పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

పిల్లలున్నవాళ్లకు ఈ మూడు ఊళ్లలో ఆబర్నే మొదటి ఎంపిక. ఆట మొదలయ్యే కిక్‌ఆఫ్‌కు ముందు శిక్షణ పొందిన గద్ద స్టేడియం చుట్టూ ఎగిరి మైదానం మధ్యలో దిగుతుంది. 2000 నుంచి ఈ సంప్రదాయం ఉంది. అది తలల మీదుగా పోయేటప్పుడు ఎనభై ఎనిమిది వేల మంది వార్ ఈగిల్‌లోని వార్‌ను సాగదీసి అరుస్తారు, అది దిగగానే ఈగిల్ అని ముగిస్తారు. ఆ గద్దలను పశువైద్య కళాశాల వాళ్ల రాప్టర్ సెంటర్‌లో పెంచుతారు. బస ఆబర్న్‌లోనూ, పక్కనున్న ఒపెలికాలోనూ కష్టమే. మేము జార్జియా వైపు కొలంబస్‌లో దిగాం, నలభై మైళ్లు, గది శుభ్రంగా ఉంది, ధర న్యాయంగా ఉంది. ఒక్కటే జాగ్రత్త: రాష్ట్ర సరిహద్దు దాటితే గంట తేడా, చెక్-అవుట్ జార్జియా టైములో, మ్యాచ్ అలబామా టైములో. అన్నం కావాలంటే ఆబర్న్, ఒపెలికాల్లో కొరియన్ హోటళ్లు చాలా ఉన్నాయి, చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీల వల్ల వచ్చినవి. మన కుర్రాడు రోజూ అక్కడే తింటానన్నాడు.

టెన్నెసీ యూనివర్సిటీ ఉన్న నాక్స్‌విల్ అన్నిటికంటే సుఖమైన ఊరు. పెద్దది, డౌన్‌టౌన్‌లో హోటళ్లున్నాయి, అక్కడి నుంచి నేలండ్ స్టేడియానికి నడిచి పోవచ్చు, షటిల్ బస్సులూ ఉన్నాయి. ధర ఎక్కువైనా కారు తీయనక్కర్లేదు, ఆ లెక్కన గిట్టుబాటే. అక్టోబరులో ఆకులు రంగు మారే కాలం కాబట్టి పిజన్ ఫోర్జ్, గాట్లిన్‌బర్గ్ కూడా నిండిపోతాయి, చౌకగా దొరుకుతాయని అటు పోకండి. స్టేడియం టెన్నెసీ నది ఒడ్డునే ఉంది. 1962లో ఒక రేడియో వ్యాఖ్యాత ట్రాఫిక్ తప్పించుకోవడానికి చిన్న పడవలో వచ్చాడట, ఇప్పుడు పడవలు వరుసకట్టి ఒకదాని పక్కన ఒకటి ఆగుతాయి, మ్యాచ్ ముందు రోజే చేరతాయి. ఒక పడవలోంచి ఇంకో పడవలోకి దాటుకుంటూ పలకరింపులు నడుస్తుంటాయి. అందరూ నారింజ రంగే.

ఇక్కడి మాట ఎదురుచూపుల మాట. చివరి జాతీయ టైటిల్ 1998 సీజన్‌ది. ఆ తర్వాత అలబామా చేతిలో వరసగా పదిహేనేళ్లు ఓటమి. 2022 అక్టోబరు 15న అదే అలబామా మీద ఆఖరి క్షణంలో గోల్ కొట్టి 52-49తో గెలిచారు. జనం మైదానంలోకి దూకి గోల్‌పోస్టులు పీకి మోసుకెళ్లి నదిలో పడేశారు. ఆ ఒడ్డున ఒక తండ్రీ కొడుకూ మాకు చోటు చూపించారు. ఇక్కణ్నుంచే అన్నాడు తండ్రి. కొడుకు అప్పుడు చిన్నవాడు, భుజాల మీద కూర్చుని చూశాడట. ఇద్దరూ ఒకేసారి చెబుతారు, ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు. నేనేమీ అడగనక్కర్లేకపోయింది.

టికెట్ల విషయం. పెద్ద ప్రత్యర్థి వస్తే ధర ఆకాశంలో ఉంటుంది. చిన్న కాలేజీ వచ్చే మ్యాచ్‌కు వెళ్తే టికెట్ చౌక, ఊరి ఉత్సాహంలో మాత్రం లోటుండదు. సెప్టెంబరు మధ్యాహ్నం మ్యాచ్‌లకు పోకండి. సీట్లు చాలావరకు అల్యూమినియం బెంచీలు, ఒక్కొక్కరికి నంబరు రాసిన మూరెడు చోటు, ఎండకు పెనంలా కాలుతుంది, ముందువాడి వీపుకు మన మోకాళ్లు తగులుతాయి. చిన్న దిండు కొనుక్కోండి. బ్యాగు పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు మించకూడదు. మామూలు హ్యాండ్‌బ్యాగుతో వచ్చినవాళ్లు గేటు దగ్గర నుంచి కారు దాకా తిరిగిపోవడం చూశాం. మ్యాచ్ మూడున్నర గంటలు పడుతుంది, కిక్‌ఆఫ్ సమయం కొన్నిసార్లు వారం ముందు గానీ తేలదు, కాబట్టి రద్దు చేసుకునే వీలున్న గదే తీసుకోండి. పార్కింగుకు ఇళ్లవాళ్లు తమ పెరట్లో చోటు ఇస్తారు, అట్ట మీద ధర రాసి పెడతారు. అధికారిక లాట్ల కంటే అవే నయం, త్వరగా బయటపడొచ్చు, ఇంటాయన కబుర్లు అదనం.

అలబామా, ఆబర్న్ తలపడే ఐరన్ బౌల్ చూడాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవలసింది: సరి సంఖ్య ఏళ్లలో టస్కలూసాలో, బేసి ఏళ్లలో ఆబర్న్‌లో, థాంక్స్‌గివింగ్ వారాంతంలో. టికెట్ దొరకడం కష్టం, దొరికినా కుటుంబానికంతా కొనడం బరువు. లోపలికి పోకుండా పొద్దున్నే వెళ్లి గుడారాల మధ్య తిరిగి, ఎవరిదైనా టీవీ ముందు కుర్చీ అడిగి కూర్చోండి. కాదనరు. ఏ రంగు చొక్కా వేసుకున్నారో మాత్రం ముందు చూసుకోండి.