ఏరేటర్లు, రెండు బటన్ల ఫ్లష్: నాలుగేళ్లు వాడాక

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. నీళ్లు పొదుపు చేస్తాయంటూ అమ్మే సామాను మా ఇంట్లో నాలుగేళ్లకు పైగా వాడుతున్నాం. పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం చేసింది ఫ్లష్ ట్యాంకు. వాష్‌బేసిన్ ఏరేటర్ దాని తర్వాత. వంటింటి ఏరేటర్ బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. ఖరీదైన షవర్ మాత్రం మా ఇంటికి అక్కర్లేని వస్తువు.

మాది హైదరాబాద్ మియాపూర్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. మేముండేది రెండో అంతస్తులో. జలమండలి నీళ్లు, బోరు నీళ్లు కలిసి సంపులోకి, అక్కడినుంచి డాబా మీది ట్యాంకులోకి వెళ్తాయి. ఎండాకాలంలో బోరు చేతులెత్తేస్తే ట్యాంకర్లే గతి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ సామాను ఎలా పనిచేస్తుందన్నది కంపెనీ పేరు కంటే మీరు ఏ అంతస్తులో ఉన్నారు, మీ నీళ్లలో సున్నం ఎంత ఉందన్న దాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది. దుకాణంలో ఈ రెండు ప్రశ్నలూ ఎవరూ అడగరు.

ఏరేటర్ అంటే కుళాయి మూతికి బిగించే చిన్న జాలీ బిళ్ల. నీటి దారిని ఇరుకు చేసి, గాలి కలిపి, ధార నిండుగా ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. మా బేసిన్ కుళాయి కింద బకెట్ పెట్టి గడియారం చూస్తే, పూర్తిగా తిప్పినప్పుడు నిమిషానికి 11 లీటర్ల దాకా వచ్చేది. 3 లీటర్ల ఏరేటర్ పెట్టాక దాదాపు 3 లీటర్లే వస్తున్నాయి. చేతులు కడుక్కోవడానికి, ముఖం కడుక్కోవడానికి ఏ లోటూ లేదు. పళ్లు తోముతూ కుళాయి కట్టేయని పిల్లలున్న ఇంట్లో మరీ ఉపయోగం. వాళ్లకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, బిళ్ల మాత్రం ఒక్క మాట అనకుండా పని కానిచ్చింది.

వంటింట్లో లెక్క వేరు. అక్కడా 3 లీటర్లదే పెడితే మా పనిమనిషి రెండో రోజే, "ఇంత సన్నగా వస్తే అంట్లు కడిగేసరికి మధ్యాహ్నం అవుతుందమ్మా" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. జిడ్డు కడాయి మీది సబ్బు తుంపరకు వదలదు, ధారకే వదులుతుంది. ఇప్పుడు అక్కడ నురగలాంటి ధార ఇచ్చే 6 లీటర్ల రకం ఉంది. ఆమెకూ అభ్యంతరం లేదు, నాకూ లేదు.

డబ్బా మీద రాయని సంగతి ఒకటుంది. నీళ్లు పారుతూ ఉండగా పని జరిగే చోటే ఏరేటర్ వల్ల ఆదా. నింపే చోట పైసా లాభం లేదు. బియ్యం గిన్నెకు రెండు లీటర్లు కావాలంటే ఏ కుళాయి కింద పెట్టినా రెండు లీటర్లే, కాకపోతే నిండడానికి ఎక్కువసేపు నిలబడాలి. స్నానాల గదిలో బకెట్ నింపే కుళాయికి కూడా దీన్ని అంటగట్టే దుకాణదారులున్నారు. వద్దనండి. 2024 వేసవి కరవులో బెంగళూరు జలమండలి హోటళ్లకు, వాణిజ్య భవనాలకు, అపార్ట్‌మెంట్లకు ఏరేటర్లు తప్పనిసరి చేసింది. హోటల్లో చేతులు కడుక్కునే కుళాయికి అది నూరుపాళ్లూ సరైన పని. ఇంట్లో మాత్రం ఏ కుళాయి దేనికి వాడుతున్నామో చూసుకుని పెట్టుకోవాలి.

ఇంకో చిక్కు వేడినీళ్లది. గీజరుకూ కుళాయికీ మధ్య పది మీటర్ల ముప్పావు అంగుళం పైపు ఉంటే, అందులో సుమారు 3 లీటర్ల చల్లనీళ్లు నిలిచి ఉంటాయి. అవి పోతే గానీ వేడినీళ్లు రావు. ధార సన్నబడితే ఆ 3 లీటర్లు తగ్గవు, చలికాలం పొద్దున మీరు ఎదురుచూసే సమయం మాత్రం మూడింతలవుతుంది. మేం ఆ నీళ్లను బకెట్లో పట్టి బట్టలకు వాడుతున్నాం. కొత్త ఇల్లు కట్టేవాళ్లు గీజరును స్నానాల గదికి వీలైనంత దగ్గరగా పెట్టించుకుంటే ఏ పరికరం కొనకుండానే ఈ వృథా పోతుంది.

ఇక ఒత్తిడి. డాబా మీది ట్యాంకు నుంచి కుళాయి దాకా పది మీటర్ల ఎత్తు తేడా ఉంటే దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మా అంతస్తుకు అది సరిగ్గా సరిపోతుంది. అయిదో అంతస్తుకు మూడు నాలుగు మీటర్లే దక్కుతాయి. అక్కడ ఉండే పెద్దాయన నా మాట విని ఏరేటర్లు పెట్టించుకుని, కుళాయి తిప్పితే దారంలా వస్తోందని నెలలోపే తీయించేశారు. పై అంతస్తు వాళ్లకు సహజంగానే నీళ్లు తక్కువ వేగంతో వస్తాయి, అక్కడ దీని అవసరమే లేదు. కింది అంతస్తుల్లో కథ తిరగబడుతుంది. కుళాయి కొంచెం తిప్పినా నీళ్లు ఎగిరి చొక్కా మీద పడతాయి. వాళ్లు ఏదైనా కొనే ముందు బేసిన్ కింద ఉండే యాంగిల్ కాక్‌ను (గోడ పైపు నుంచి కుళాయికి వెళ్లే నీళ్లను కట్టేసే చిన్న వాల్వును) సగం మూసి చూడాలి. ఖర్చు సున్నా, ఫలితం ఏరేటర్‌కు చాలా దగ్గర.

సున్నం గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. బోరు నీళ్లు కలిసే చోట రెండు మూడు నెలలకు జాలీ మీద తెల్లటి పొర కడుతుంది, ధార పక్కకు చిమ్ముతుంది. బిళ్ల విప్పి రాత్రంతా వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే మళ్లీ కొత్తదవుతుంది. ట్యాంకు కడిగే రోజు ముందుగానే బిళ్లలన్నీ విప్పి పక్కన పెట్టాలి, లేకపోతే పైపుల్లోకి దిగిన మట్టి అంతా వచ్చి అక్కడే ఇరుక్కుంటుంది. చేత్తో విప్పగలిగే రకమే కొనండి. కుళాయి లోపల దాగి ఉండే రకానికి ప్రత్యేకమైన తాళం చెవి ఉంటుంది. అది ఎవరి ఇంట్లోనూ అవసరమైన రోజున కనిపించదు. ప్లాస్టిక్ మర ఉన్నవి ఏడాదిలో పగిలాయి, ఇత్తడివి ఇంకా నడుస్తున్నాయి. ధర తేడా వంద, నూటయాభై రూపాయలు.

ఇప్పుడు అసలు వస్తువు. మా పాత ఫ్లష్ ఒక్కసారి నొక్కితే 10 లీటర్లు పోయేవి. రోజుకు నలుగురు మనుషులు ఎన్నిసార్లు నొక్కుతారో లెక్క వేసుకోండి. కొత్తదానికి రెండు బటన్లు: చిన్నది 3 లీటర్లు, పెద్దది 6. చిన్న బటనే ఎక్కువసార్లు పడుతుంది కాబట్టి ఆదా పెద్దది. చుట్టాలు వచ్చినప్పుడు రెండూ కలిపి నొక్కుతారు, దానికి మందు లేదు.

ట్యాంకు ఒక్కటే మారుద్దామనుకుంటే ప్లంబరు వద్దన్నాడు: "కమోడ్ పాతదే ఉంచితే 6 లీటర్లకు కొట్టుకుపోదు మేడమ్, రెండోసారి నొక్కుతారు." పాత కమోడ్ వంపు 10 లీటర్ల తోపుకు తగ్గట్టు చేసినది, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అందుకే ఒక స్నానాల గదిలో రెండూ మార్చాం. రెండో దాంట్లో పాత ట్యాంకు ఉంచి, లోపల నీళ్లు నింపిన లీటరు సీసా పెట్టాం. ఒక్క లీటరు తగ్గితే ఆ కమోడ్ ఏమీ అనలేదు. ఇటుక పెట్టకండి, అది కరిగి ఇసుక వాల్వులో చేరుతుంది.

ఈ ఫ్లష్‌కు ఉన్న ఒకే జబ్బు అడుగున ఉండే రబ్బరు సీలు. సున్నం నీళ్లకు అది రెండేళ్లలో గట్టిపడుతుంది, ఆ తర్వాత సన్నగా, చప్పుడు లేకుండా కారుతూనే ఉంటుంది. కుళాయి కారితే చుక్క వినిపిస్తుంది. ఇది వినిపించదు, కనిపించదు, నెల రోజుల ఆదానంతా మింగేస్తుంది. ట్యాంకులో కాస్త రంగు నీళ్లు పోసి అరగంట నొక్కకుండా ఉంచితే, కమోడ్‌లో రంగు కనిపించిందా లేదా అన్నది తేల్చేస్తుంది. కొనేటప్పుడే అదే మోడల్ సీళ్లు రెండు అదనంగా తీసుకోవడం మంచిది. విడిభాగాలు దొరకని ట్యాంకు ఎంత అందంగా ఉన్నా కొనకూడదు.

షవర్ గురించి రెండు మాటలు చాలు. నిమిషానికి 8 లీటర్ల పొదుపు షవర్ కింద అయిదు నిమిషాలు నిలబడితే 40 లీటర్లు. మా బకెట్ 18 లీటర్లది. మా అత్తయ్య బకెట్, చెంబుతో స్నానం చేసి ఏ పరికరమూ లేకుండానే మా అందరికంటే తక్కువ వాడుతుంది.

డబ్బు మిగిలిందా అని అడిగేవారికి నా దగ్గర చక్కటి అంకె లేదు. దేశంలో నగరాల నీటి సరఫరాకు మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణంగా పెట్టుకుంటారు. నలుగురికి నెలకు 16,200 అవుతాయి. జలమండలి 2021 నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తోంది కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడే ఇంటికి బిల్లే రాకూడదు. కానీ అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకటే మీటరు, ట్యాంకర్ల ఖర్చు అందరికీ సమానంగా పంచుతారు. నేను ఆదా చేసిన నీళ్లు పక్కింటి కారు మీద పడుతున్నాయేమో ఎవరికి తెలుసు. ఫ్లాటుకో మీటరు పెడదామంటే ఒక్కో ఫ్లాటుకు వంటిల్లు, రెండు స్నానాల గదులు, బట్టలుతికే చోటు అంటూ నాలుగు వేర్వేరు పైపులు దిగుతున్నాయి. నాలుగు మీటర్లు కావాలి. ఆ ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర మా సంఘం సమావేశం ప్రతిసారీ ఆగిపోతోంది. కొత్త ఫ్లాటు కొనేవాళ్లు టైల్సు, తలుపులు చూసేముందు బిల్డరును ఈ పైపుల సంగతి అడగండి. ఒకే పైపు లోపలికి వచ్చి అక్కడ చీలేలా ఉంటే మీటరు పెట్టడం సులువు.