క్లైబర్ ‘రోజెన్‌కవలియర్’: మ్యూనిక్ 1979దా, వియన్నా 1994దా?

కార్లోస్ క్లైబర్ కండక్టర్‌గా వ్యవహరించిన రిచర్డ్ స్ట్రాస్ ఒపేరా ‘డెర్ రోజెన్‌కవలియర్’ మనకు రెండు వీడియోలలో దొరుకుతోంది. ఒకటి 1979లో మ్యూనిక్‌లోని బవేరియన్ స్టేట్ ఒపేరాలో తీసింది, రెండోది 1994 మార్చిలో వియన్నా స్టేట్ ఒపేరాలో తీసింది. రెండింటికీ రంగస్థల దర్శకుడు ఓటో షెంకే. ఒక్కటే కొనదలచిన మిత్రులు ఏది మేలని తరచు అడుగుతుంటారు. పాతదే (మ్యూనిక్‌దే) మేలని టూకీగా చెప్పి ఊరుకుంటే, బొమ్మ మసకగా ఉందని వారం తిరక్కుండా ఫిర్యాదు వస్తోంది కనుక కారణాలు వివరించక తప్పడం లేదు.

బొమ్మ సంగతి నిజమే, ఆ విషయంలో వియన్నాదే పైచేయి. మొరటు దొర బారన్ ఓక్స్ పాత్రలోనూ అంతే: రెండో అంకం చివర అట్టడుగు స్వరాన్ని తాపీగా నిలబెట్టే కుర్ట్ మోల్ ముందు, ఆస్ట్రియా యాస పుట్టుకతోనే వచ్చిన మాన్‌ఫ్రెడ్ యుంగ్‌విర్త్ కూడా కొంత తేలిపోతారు.

వయసు మీరిపోతోందని దిగులుపడే దొరసాని మార్షలిన్ దగ్గర మాత్రం తీర్పు అంత తేలిక కాదు. వియన్నాలో ఫెలిసిటీ లాట్ మొదటినుంచీ హుందాగా, అణకువగా పాడతారు. మ్యూనిక్‌లో గ్వినెత్ జోన్స్‌ది వాగ్నర్ ఒపేరాల ఉత్సవం జరిగే బేరూత్‌లో ఆయన వీరనాయిక బ్రున్‌హిల్డెను పాడిన భారీ కంఠం. నిలిపిన స్వరాలు అక్కడక్కడ ఊగుతాయి కూడా. అయితే మొదటి అంకంలో, తాను ఒక్కోసారి అర్ధరాత్రి లేచి గడియారాలన్నీ ఆపేస్తుంటానని మార్షలిన్ చెప్పేచోట, హార్ప్‌లూ, పియానోలా మీటలతో వాయించే సెలెస్టా గంటలు కొట్టినట్టు మోగుతుండగా, అంతటి కంఠం దాదాపు గుసగుస దాకా దిగిరావడం వింటే ఒళ్లు జలదరిస్తుంది. ముందే మెత్తగా ఉన్న గొంతుకు అలా దిగడానికి చోటు ఉండదు.

నా దృష్టిలో అసలు తేల్చేది రెండో అంకంలో, ఓక్స్ తరఫున పెళ్లి గుర్తుగా మార్షలిన్ ప్రియుడైన యువకుడు ఆక్టేవియన్ (స్త్రీ పాడే పాత్ర) వధువు సోఫీకి వెండి గులాబీని అందించే ఘట్టం. ఫ్లూట్లు, హార్ప్‌లు, సెలెస్టా, వయొలిన్లు కలిసి కింద సాగుతున్న శ్రుతికి పొసగనట్టుగా తళుక్కుమనే ఆ స్వరాల నడుమ, సోఫీగా లూసియా పాప్ గొంతు మెల్లగా పైకి లేస్తుంది. ఎదుట ఆక్టేవియన్‌గా నిలుచున్న బ్రిగిట్టె ఫాస్‌బేండర్ చూపు మరల్చుకోలేకపోతారు. క్లైబర్ ఇక్కడ కాలప్రమాణాన్ని బిగించరు, వదిలేయరు; పాప్ ఊపిరి ఎంతదాకా సాగితే ఆర్కెస్ట్రా అంతదాకా వేచి ఉంటుంది. 1972లో మొదలైన ఈ ప్రదర్శనను ఏళ్ల తరబడి ఆయనే నడిపించారు కాబట్టి, వాద్యకారులకు ఆయన చేతి కదలిక ముందే తెలిసినట్టుంటుంది. (స్ట్రాస్ తండ్రి ఫ్రాంజ్ దశాబ్దాలపాటు హార్న్ వాయించింది ఈ ఆర్కెస్ట్రాలోనే; నాంది సంగీతం హార్న్‌ల కేకతో మొదలవుతున్నప్పుడు నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.) వియన్నాలో బార్బరా బానీ, ఆన్ సోఫీ వాన్ ఆటర్ ఇదే ఘట్టాన్ని స్వచ్ఛంగా, ఎక్కడా పొరపాటు లేకుండా పాడారు. అంతా చక్కగా అమరింది, అయితే ఏ క్షణాన ఏమవుతుందోనన్న ఉత్కంఠ తగ్గింది.

ఇతర కండక్టర్ల వీడియోలూ ఉన్నాయి. ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ మార్షలిన్‌గా కరాయన్ 1960లో సాల్జ్‌బర్గ్‌లో చేసినది చరిత్ర కోసం చూడవలసిందే. కిరి తె కనావా పాడగా 1985లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో షోల్టి నడిపించినది చూడముచ్చటగా ఉంటుంది. మొదటిసారి కొనేవారికి రెండూ అవసరం లేదు.

కనుక ఒక్కటే కొంటే మ్యూనిక్‌దే. అలాగని వియన్నాను తోసిపుచ్చలేను: అదే ఏడాది అక్టోబరులో ఈ ఒపేరానే టోక్యోలో నడిపించిన తరువాత క్లైబర్ మళ్లీ ఏ ఒపేరాకూ ఆర్కెస్ట్రా పిట్‌లో అడుగుపెట్టలేదు. పైగా మూడో అంకం చివరి త్రయంలో లాట్, వాన్ ఆటర్, బానీ గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయే తీరు మ్యూనిక్‌లో లేదు. ఆ కొద్ది నిమిషాల కోసం నేను ఇప్పటికీ వియన్నా డిస్కే తీస్తాను.