సెలెస్టేనా, హాలో నైటా?

రెండూ కష్టమైన వీడియో గేమ్‌లే, రెండూ అద్భుతమే. ఒక్కటే కొనాలంటే?

ఓడితే: సెలెస్టే (2018)లో రెప్పపాటులో అదే తెరపై మళ్లీ మొదలుపెడతారు. హాలో నైట్ (2017)లో చివరిసారి కూర్చున్న బెంచీ దగ్గర లేస్తారు, పోగేసిన జియో (ఆటలోని డబ్బు) అంతా చచ్చిన చోటే ఉంటుంది. తెచ్చుకునేలోపు ఇంకోసారి చచ్చారా, ఆ డబ్బు పోయినట్టే. ఆ టెన్షనే ఈ ఆటకు ప్రాణం.

దారి: సెలెస్టేలో పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. హాలో నైట్‌లో మ్యాపు కూడా కొనుక్కోవాలి.

సాయం: సెలెస్టేలో అసిస్ట్ మోడ్‌తో ఆట వేగం తగ్గించుకోవచ్చు. హాలో నైట్‌లో ఈజీ మోడే లేదు. ఉండాల్సింది.

రోజుకు అరగంటే దొరికితే సెలెస్టే. వారాల తరబడి ఒకే లోకంలో తిరగడం ఇష్టమైతే, ఓపికుంటే, కళ్లు మూసుకుని హాలో నైట్.