ఎస్‌ఏపీలో లాకైన ఐడీలు, వాడని ఐడీలు: ఏ టూల్ ఎంతవరకు పనికొస్తుంది

కంపెనీల లెక్కలు, సరుకు, జీతాల పనులు నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లో లాకైన యూజర్ ఐడీకి లాక్ తీయడం అర నిమిషం పని. ఎందుకు పడిందో చూడకుండా తీస్తే మాత్రం అదే టికెట్ మళ్లీ వస్తుంది. పాత వెర్షన్ ఈసీసీ అయినా, కొత్తదైన ఎస్4 హనా అయినా, యూజర్ అడ్మిన్ టూల్స్ మంచిచెడ్డలు ఇక్కడే తేలతాయి.

ఒక్కో యూజర్‌ని చూసే ఎస్‌యూ01 స్క్రీన్‌కి పూర్తి మార్కులు వేయొచ్చు. ఐడీ కొట్టి తాళం గుర్తు నొక్కగానే కారణం చెప్పేస్తుంది: తప్పు పాస్‌వర్డ్‌ల వల్ల పడిందా, అడ్మిన్ వేశారా అని. యూజర్ల లాగిన్ వివరాలుండే యూఎస్‌ఆర్02 టేబుల్లోని యూఎఫ్‌ల్యాగ్ ఫీల్డులో మొదటిది 128, రెండోది 64, రెండూ కలిస్తే 192. 128 అయితే యూజర్‌తో మాట్లాడి తీసేయొచ్చు. 64 కనిపిస్తే ఆగాలి. మనిషి ఉద్యోగం మానేశారనో, ఆడిట్‌లో అడిగారనో ఎవరో కావాలని వేసిన లాక్ అది. ఎవరు, ఎప్పుడు వేశారో యూజర్ల సమాచార రిపోర్టులుండే ఎస్‌యూఐఎంలోని చేంజ్ డాక్యుమెంట్స్‌లో (మార్పుల చరిత్ర) చూసుకుని, ఆమోదం వచ్చాకే ముట్టుకోవాలి.

తీసిన ప్రతిసారీ మళ్లీ లాకయ్యే ఐడీ వెనక చాలాసార్లు ఒక ఆర్‌ఎఫ్‌సీ కనెక్షన్ (ఒక సిస్టమ్ ఇంకో సిస్టమ్‌ని పిలిచే దారి) ఉంటుంది. ఈ కనెక్షన్లు పెట్టే ఎస్‌ఎం59లో ఎవరో తమ సొంత ఐడీ పెట్టి వదిలేస్తారు. పాస్‌వర్డ్ మార్చుకున్నాక కూడా ఇంటర్‌ఫేస్ పాతదే పంపుతూ ఉంటుంది, ఐదో తప్పుకు లాక్ పడుతుంది. ఈ ఐదు అనేది ‘ఫెయిల్స్ టు యూజర్ లాక్’ పారామీటర్ డిఫాల్ట్ విలువ. సెక్యూరిటీ ఆడిట్ లాగ్ ముందే ఆన్ చేసి పెట్టుకుంటే, తప్పు లాగిన్లు ఏ టెర్మినల్ నుంచి వస్తున్నాయో ఆ లాగ్ చదివే ఎస్‌ఎం20లో దొరుకుతుంది. లేదంటే కనెక్షన్లన్నీ ఒక్కొక్కటిగా వెతుక్కోవాలి.

‘ఫెయిల్డ్ యూజర్ ఆటో అన్‌లాక్’ పారామీటర్‌ను 1 చేస్తే 128 లాక్ అర్ధరాత్రి దాటాక దానంతటదే పోతుంది. హెల్ప్‌డెస్క్‌కి భారం తగ్గుతుంది, నిజమే. కానీ రోజుకు కొన్ని పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి చూసేవాడికి ప్రతి ఉదయం తలుపు తెరిచే ఉంటుంది. ప్రొడక్షన్‌లో 0 ఉంచడమే మేలు.

వాడని ఐడీల దగ్గరికొచ్చేసరికి పని ఇంత సాఫీగా సాగదు. ఆర్‌ఎస్‌యూఎస్‌ఆర్200 రిపోర్టులో చివరి లాగిన్‌కి 90 రోజులు దాటినవాళ్లను అడిగితే జాబితా చక్కగానే ఇస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు, ఎక్కువమంది యూజర్లను ఒకేసారి మార్చే ఎస్‌యూ10లో అతికించి లాక్ చేశారో, తమంతట తామే నడిచే నెలాఖరు జాబ్స్ ఆగిపోతాయి. బ్యాక్‌గ్రౌండ్ జాబ్ నడిచినంత మాత్రాన చివరి లాగిన్ తేదీ మారదు. ఆ లెక్కన రోజూ పనిచేస్తున్న ఐడీ కూడా వాడని ఐడీలాగే కనిపిస్తుంది. తన రోల్స్ (అనుమతులు) ఇతర ఐడీలకు అందించడానికే ఉండే రెఫరెన్స్ యూజర్‌కైతే అసలు లాగినే ఉండదు. కాబట్టి యూజర్ టైప్‌లో డైలాగ్ (మనుషులు లాగినయ్యే రకం) ఒక్కటే ఎంచుకోవాలి. అదొక్కటే సరిపోదు: మనుషుల ఐడీలతో నడిచే జాబ్స్ కూడా ఉంటాయి. జాబ్స్ జాబితా చూపే ఎస్‌ఎం37 వెతికేది జాబ్ పెట్టినవాళ్ల పేరుతో. జాబ్‌లోని ఒక్కో స్టెప్ ఎవరి పేరున నడుస్తోందో టీబీటీసీపీ టేబుల్లోని ఆత్‌సీకేనేమ్ ఫీల్డులో చూడాలి. చివరి లాగిన్ ఖాళీగా ఉన్నవాటికి ఐడీ సృష్టించిన తేదీ కూడా చూడండి, కొత్తగా చేరినవాళ్లు వాటిలోనే ఉంటారు.

లాక్ చేసి ఊరుకుంటే డబ్బు దండగ. యూఎస్‌ఎంఎం లైసెన్స్ లెక్కలో లాకైన ఐడీ కూడా చేరుతుంది, చెల్లుబాటు గడువు ముగిసిన ఐడీ చేరదు. మానేసినవాళ్లకు లాక్‌తో పాటు ‘వ్యాలిడ్ టు’ తేదీ కూడా వేయాలి, రోల్స్ తీసేయాలి. తేదీ వేయడం, రోల్స్ తీయడం ఎస్‌యూ10లో ఒకేసారి అవుతాయి. డిలీట్‌కి తొందరపడొద్దు. అదే పేరు రేపు ఇంకొకరికి ఇస్తే పాత పత్రాల్లో ఎవరు చేసిందేదో తేల్చడం కష్టం.

లాక్ ఒక్క క్లయింటుకే (సిస్టమ్‌లో విడిగా ఉండే ఒక భాగం) వర్తిస్తుంది. ప్రొడక్షన్‌లో మూసిన ఐడీ క్వాలిటీలో, డెవలప్‌మెంట్‌లో తెరిచే ఉంటుంది. ఈ టూల్స్‌లో నాకు కనిపించే అసలు లోటు ఇదే. డౌన్‌టైమ్‌కి అందరినీ లాక్ చేసేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది: అప్పటికే 64లో ఉన్నవాళ్ల జాబితా విడిగా దాచుకోకపోతే, తర్వాత మూకుమ్మడిగా తీసేటప్పుడు మానేసినవాళ్ల ఐడీలూ తెరుచుకుంటాయి.

రెండు మూడు సిస్టమ్స్ ఉన్న కంపెనీకి ఈ టూల్సే చాలు. అంతకు మించితే, అన్ని సిస్టమ్స్ యూజర్లనూ ఒకేచోట నుంచి నడిపే సెంట్రల్ యూజర్ అడ్మినిస్ట్రేషన్ పెట్టుకోవచ్చు. ఎస్‌ఏపీ ఐడెంటిటీ మేనేజ్‌మెంట్‌ని మాత్రం ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టొద్దు, దాని మామూలు మెయింటెనెన్స్ గడువు 2027 వరకే.