ఆర్చర్డ్ రోడ్డులో ఎనిమిది డాలర్ల భోజనం

సింగపూర్ నది ఒడ్డున రంగు దీపాలు చూసి రెస్టారెంట్ల దగ్గర ఆగిపోకండి. మేం ఆగాం. మెనూలో చిల్లీ క్రాబ్ ధర దగ్గర "సీజన్‌ని బట్టి" అని ఉంది. కిలో ఎంతని అడిగితే వెయిటర్ "మీడియం సైజే సార్" అంటూ వెళ్లిపోయాడు. తీరా బిల్లులో పీత 117.60 సింగపూర్ డాలర్లు, రెండు ఫ్రైడ్ రైస్‌లు 32. మేం అడక్కుండానే తెచ్చిపెట్టిన వేరుశెనగ పప్పులకు 4, చేతులు తుడుచుకునే తడి కాగితాలకు 2! పైన పది శాతం సర్వీసు, దానిమీద తొమ్మిది శాతం జీఎస్టీ. వెరసి 186.56. పీత నా బావమరిది ముచ్చట. హోటల్ చేరేదాకా మా ఆవిడ తమ్ముడితో మాట్లాడలేదు.

జూ, సెంతోసా దీవి బాగానే ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం ఆర్చర్డ్ రోడ్డులో లక్కీ ప్లాజాకి వెళ్లాం. చుట్టూ ఖరీదైన మాల్స్. ఇది మాత్రం పాతకాలపు కాంప్లెక్స్. ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్లకు ఆదివారం సెలవు, అందరూ ఇక్కడే. ఇంటికి డబ్బు పంపే కౌంటర్ల ముందు బారులు, వరండాల్లో అట్టపెట్టెలు. 2013లో ఫిలిప్పీన్స్ ఫాస్ట్‌ఫుడ్ సంస్థ జాలిబీ సింగపూర్‌లో తొలి దుకాణం తెరిచిందీ ఇక్కడే. దాని క్యూ వదిలేసి పై అంతస్తులో వెనక భోజనం, ముందు కిరాణా ఉన్న చిన్న ఫిలిప్పీన్స్ కొట్లోకి దూరాం.

అద్దం వెనక కూరలు వరసగా ఉంటాయి, వేలు పెట్టి చూపిస్తే వడ్డిస్తారు. అన్నం, రెండు కూరలు 8 డాలర్లు. మన డబ్బుల్లో ఐదొందల చిల్లర. చికెన్ అడోబోలో వెనిగర్, సోయా, వెల్లుల్లి, బిర్యానీ ఆకు. కారం లేదు, అయినా అన్నంలోకి దిట్టంగా ఉంది. వేయించిన బంగూస్ చేప ముళ్లు తీసే ఇచ్చారు. ఇక 9 డాలర్ల రొయ్యల సినిగాంగ్! చింతపండు పులుపు, ముల్లంగి, బెండకాయ, పొడవాటి పచ్చిమిర్చి. పోపు మరిచిపోయిన మన ముల్లంగి పులుసులా ఉంది. బావమరిది గిన్నె ఎత్తి తాగేశాడు. అక్క నవ్వింది.

గొడ్డుమాంసం, పంది తిననివాళ్లు ముందే అడగండి. కారెకారె అనే కూరలో సాధారణంగా ఎద్దుతోక ఉంటుంది. నల్లటి దినుగువాన్ కూర పంది నెత్తుటితో చేస్తారు. శాకాహారులకు ఇంకా కష్టం. కాకర, వంకాయ, గుమ్మడి కనిపించే పినక్‌బెట్ కూరని మా అత్తగారు ఆశగా చూశారు. వడ్డించే అమ్మాయే ఆపి, "అమ్మా, ఇందులో రొయ్యల ముద్ద ఉంది" అని చెప్పింది. నది ఒడ్డున అంత నిజం ఒక్కరూ చెప్పలేదు. పాపం, ఆవిడ తెల్లన్నం, హోటల్ గది నుంచి తెచ్చుకున్న ఆవకాయ, అరటిపండుతో చేసిన రెండు టురాన్లతో సరిపెట్టుకున్నారు. మూడు భోజనాలు 24, పులుసు 9, అందరికీ కలిపి ఒక హాలో హాలో (ఐసు తురుముతో చేసే తీపి) 6.50, టురాన్లు 4, అన్నం 1.50. సరిగ్గా 45. పైన సెంటు పడలేదు.

కిరాణాలో సినిగాంగ్ పొడి ప్యాకెట్లు, ఎండు మామిడి, అరటి కెచప్ కొన్నాం. దాతు పుతి బ్రాండ్ వెనిగర్ చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. బావమరిది రొయ్యల ముద్ద సీసా కూడా తీశాడు. "నీ బ్యాగులో పెట్టుకుంటేనే" అంది మా ఆవిడ. మళ్లీ అరలో పెట్టేశాడు.

రద్దీ పడనివాళ్లు వారం మధ్యలో వెళ్లండి. నేనైతే ఆదివారమే వెళ్తాను. కూరల గిన్నెలు గబగబా ఖాళీ అయి మళ్లీ వేడివేడిగా నిండేది ఆ రోజే.