కాటాగో: చాలాకాలంగా ఆడుతున్నాను కాబట్టి చెబుతున్నా

అమలాపురంలో చదరంగానికి, పేకాటకి జనం కావలసినంతమంది. నల్ల, తెల్ల రాళ్లతో చోటు ఆక్రమించుకునే గో ఆటకి బల్ల ముందు ఎదురుగా కూర్చునేవాళ్లు మాత్రం నాకింతవరకు దొరకలేదు. అందుకే ఉచితంగా దొరికే, గో ఆడే ఈ కాటాగో ప్రోగ్రామే నా జోడీ.

అంతకుముందు గ్నూ గో అనే మరో ప్రోగ్రామ్ వాడాను. ఒకసారి పారిన ఎత్తు మర్నాడూ పారేది, విసుగొచ్చి మానేశాను. పాపం, దాని తప్పు కాదు, కంప్యూటర్‌కి గో కష్టం. చదరంగంలో మంత్రికింత, ఏనుగుకింత అని లెక్కేసుకోవచ్చు. గోలో రాళ్లన్నీ ఒకటే. 361 కూడళ్లు, ఒక్కో ఎత్తుకి సుమారు 250 దారులు, పైగా ఏ రాళ్ల గుంపు బతికుందో, ఏది ఎదుటివాడి వలలో చిక్కి చచ్చిందో చివరిదాకా తేలదు. 1997లో చదరంగం ఛాంపియన్ కాస్పరోవ్ యంత్రం చేతిలో ఓడిపోయినా, గోలో కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్ యంత్రం చేతిలో 4-1తో ఓడింది 2016లో. ఆ మధ్యలో, 2006 నుంచి, కంప్యూటరే అడ్డదిడ్డంగా వేలకొద్దీ ఆటలు చివరిదాకా ఆడేసి ఎవరు గెలిచారో చూసుకునే పద్ధతి వచ్చింది. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ పనిచేసింది.

2019లో డేవిడ్ వూ విడుదల చేసిన కాటాగోలో నాకు బాగా నచ్చింది, గెలుపు శాతంతో ఆగకుండా ఎన్ని పాయింట్ల తేడా ఉందో చెప్పడం. ఆట అయ్యాక చూసుకుంటే నేను మురిసిపోయిన ఎత్తు పక్కనే ఎర్ర చుక్క, ఆరు పాయింట్లు గోవిందా! ఎందుకని అడిగితే మాత్రం జవాబుండదు. తను ఆడేదేదో వరసగా చూపిస్తుంది, అంతే. ఆడడం వచ్చు, పాఠం చెప్పడం రాదు.

లోపం లేదా అంటే ఉంది. ఒక గుంపు చుట్టూ వలయంలా తిరిగిన తన రాళ్లు చావుకి దగ్గరపడినా దీనికి తెలియదు. 2023లో కెల్లిన్ పెల్రిన్ అనే అమెరికన్ ఔత్సాహికుడు ఆ కిటుకుతోనే 15 ఆటల్లో 14 గెలిచాడు. ఆ తర్వాత దీనికి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చారు గానీ జబ్బు పూర్తిగా వదల్లేదు.

గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా నడుస్తుంది, నిదానంగా. ఎండాకాలం మా ఉక్కపోతలో ల్యాప్‌టాప్ ఫ్యాను ఒకటే గోల, బ్యాటరీ ఇట్టే అయిపోతుంది. ఒకసారి దించుకుంటే ఇక నెట్ అక్కర్లేదు, తుపాను రోజుల్లో అదే హాయి. 2024లో వచ్చిన, మనిషిలా ఆడే నెట్‌వర్క్ (కాటాగోకి మెదడులాంటి ఫైలు) తప్పకుండా పెట్టుకోండి. మన స్థాయి చెబితే ఆ స్థాయి మనిషి చేసే పొరపాట్లే చేస్తుంది. సెట్టింగుల ఫైలు మార్చడం కాస్త చిరాకు.

కొత్తవాళ్లు కాట్రెయిన్ అనే ప్రోగ్రామ్ దించుకుంటే కాటాగో అందులోనే వస్తుంది. ముందు 9 గీతల బల్ల మీద ఆడండి, 19 జోలికి అప్పుడే పోకండి.